సూక్‌లో బేరానికి దిగే ముందు: గల్ఫ్ నుంచి సామాను తెచ్చేవారికి జాగ్రత్తలు

సెలవులకు దుబాయ్ చూడబోయిన అనంతపురం కుటుంబమైనా, రెండేళ్లకొకసారి కువైట్ నుంచి రాజంపేటకో రాయచోటికో దిగే మనిషైనా, తిరుగు ప్రయాణానికి ముందు రెండు రోజులు సూక్‌లోనే, అంటే అక్కడి బజారులోనే ఉంటారు. దుబాయ్‌లో దేరా గోల్డ్ సూక్, దగ్గర్లోనే మసాలాల సూక్. కువైట్‌లో ముబారకియా. డబ్బు పోయేది ఎక్కువగా ఆ చివరి హడావుడిలోనే. అక్కడ చవకగా దొరికిందా అనేది సగం లెక్కే. ఇంటికి తేవచ్చా, తెచ్చాక మన అంగట్లో చెల్లుతుందా అనేవి కూడా చూసుకున్నాకే ధర అడగాలి.

ముందు బంగారం. గల్ఫ్‌లో 21 క్యారెట్ల నగలు బాగా నడుస్తాయి, వాటిమీద 875 అని ముద్ర ఉంటుంది. మనవాళ్లకు అలవాటైన 22 క్యారెట్లకు ముద్ర 916. 20 గ్రాముల గొలుసులో మొదటిదైతే అసలు బంగారం 17.5 గ్రాములు, రెండోదైతే 18.3. గ్రాము ధర తక్కువని 21 క్యారెట్లు కొని, కర్నూలులో మార్చబోయినప్పుడు "ఇంత తరుగేంది" అని గొడవపడేది ఇందుకే. పైగా మన హాల్‌మార్కుతో పాటు ఒక్కో నగకు విడిగా వేసే ఆరు అక్షరాలు, అంకెల గుర్తింపు కోడ్ (హెచ్‌యూఐడీ) దానిమీద ఉండదు. మన షావుకారికి అది కరిగించే పాత బంగారమే. అక్కడ కట్టిన మజూరీ రూపాయి కూడా తిరిగి రాదు.

బోర్డు మీద రాసిన గ్రాము రేటు మీద బేరం సాగదు. బేరమంతా మజూరీ మీదే, అక్కడ గట్టిగా ఆడండి. తూకం మీ కళ్లముందే వేయించండి, రాళ్లుంటే వాటి బరువు తీసేసి లెక్క కట్టమనండి. బిల్లులో క్యారెట్, గ్రాములు, మజూరీ విడివిడిగా రాయించుకోండి.

ఏడాదికి మించి విదేశంలో ఉండి వచ్చేవారికి సుంకం లేకుండా తెచ్చుకోగల నగల బరువు మగవారికి 20 గ్రాములు, ఆడవారికి 40. వారం రోజుల టూరుకు పోయినవారికి ఈ వెసులుబాటు లేదు. నాణేలు, బిస్కెట్లు ఇందులోకి రావు. మిగతా సామాను విలువ పరిమితులు మారుతుంటాయి కాబట్టి, బయల్దేరే ముందు కస్టమ్స్ వెబ్‌సైట్ ఒకసారి చూసుకోండి.

కుంకుమపువ్వులో మోసం చాలా ఎక్కువ. రంగు వేసిన కుసుమపూల రేకులు, మొక్కజొన్న పీచు కలిపేస్తారు. నాలుగు పోగులు గోరువెచ్చని నీళ్లలో వేయమనండి. అసలైనదైతే నీరు నిదానంగా పసుపు బంగారు రంగుకు తిరుగుతుంది, పోగు మాత్రం ఎర్రగానే ఉంటుంది. క్షణంలో నీరు ఎర్రబడి పోగు తెల్లబోతే అది రంగే. పొడి రూపంలో అసలు కొనకండి. యాలకులు, మిరియాలు మోసుకు రావడం ఎందుకో మాకు అర్థం కాదు, అక్కడి మసాలాల్లో మన దేశంనుంచి పోయినవే బోలెడు.

అత్తరు బుడ్డి వాసన చూసి కొనకండి. మణికట్టు మీద రాసుకుని అరగంట సూక్‌లో తిరిగి రండి, అప్పుడు మిగిలిన వాసనే మీరు కొనేది. 100 మిల్లీలీటర్లకు మించిన సీసాలు చేతి సంచిలో రానివ్వరు. పెద్ద పెట్టెలో కూడా ఒక్కో సీసా అర లీటరుకు, అన్నీ కలిపి రెండు లీటర్లకు మించకూడదు.

బేరంలో ఇంకో తికమక చిల్లర. కువైట్ దినారుకు వంద కాదు, వెయ్యి ఫిల్సు. 750 అంటే ముప్పావు దినారు. మొదటి ధరలో సగం దగ్గర మొదలుపెట్టండి, కుదరకపోతే నవ్వుతూ కదలండి. అయితే మీరడిగిన ధరకు వాళ్లు సరేనన్నాక వెనక్కి తగ్గడం అక్కడ పెద్ద మర్యాదలేనితనం. వేసవిలో మధ్యాహ్నాలు, శుక్రవారం పొద్దున చాలా అంగళ్లు మూసే ఉంటాయి, సాయంత్రం పోండి.

కార్డు గీకేటప్పుడు మిషను "రూపాయల్లోనా, దిర్హాముల్లోనా" అని అడిగితే దిర్హాములే నొక్కండి. రూపాయలంటే మారకం రేటు వాళ్లిష్టం, మీకు నష్టం. కార్డులో విదేశీ వాడకాన్ని బ్యాంకు యాప్‌లో ఇక్కడే ఆన్ చేసుకుని పోవాలి. దుబాయ్‌లో టూరిస్టు ఒకే అంగట్లో 250 దిర్హాములకు తగ్గకుండా కొంటే 5 శాతం వ్యాట్‌లో చాలావరకు వెనక్కి వస్తుంది. దానికి పాస్‌పోర్టు చూపించి పన్ను బిల్లు తీసుకోవాలి. విమానాశ్రయంలో సామాను చెక్-ఇన్ చేయకముందే వ్యాట్ వాపసు కౌంటరుకు పోవాలి, ఎందుకంటే వస్తువు చూపించమంటారు. అక్కడ నివాస వీసా ఉన్నవారికి ఇది వర్తించదు.

తేకూడనివి కొన్ని ఉన్నాయి. ఏనుగు దంతం, పగడపు చెట్టు ముక్కలు, తాబేటి చిప్పతో చేసిన బొమ్మలు అంగట్లో బహిరంగంగా అమ్మినా మన దగ్గర పట్టుకుంటారు. ఈ-సిగరెట్లు మన దేశంలో 2019 నుంచే నిషేధం. అనంతపురం వైపు ఖర్జూర తోటలు వేస్తున్నారు కదా అని పిలకలు పెట్టెలో కుక్కుకు రావద్దు, నాటే మొక్కకు దిగుమతి అనుమతి, తెగుళ్లు లేవన్న సర్టిఫికెట్ రెండూ కావాలి. తినే ఖర్జూరాలను మాత్రం నాలుగైదు చీల్చి పురుగు చూసుకుని కొనండి.

కంబళ్ల సంగతి. రెండు పొరలది ఒక్కటే ఐదారు కిలోలు తూగుతుంది, అదనపు బరువుకు కట్టేది కంబళి ఖరీదును దాటిపోవచ్చు. పెట్టె గదిలోనే తూచుకోండి.

అన్నిటికన్నా ప్రమాదం పరాయి పొట్లం. "మన ఊరోడివే గదన్నా, ఈ ఇస్త్రీ పెట్టె మా ఇంట్లో ఇచ్చెయ్" అని సూక్‌లోనో రూములోనో అంటగడతారు. ఇస్త్రీ పెట్టెల్లో, టార్చిలైట్లలో బంగారం దాచి పంపడం పాత పద్ధతే. దొరికితే కేసు మోసినవాడి మీదే. మీరు స్వయంగా కొని, మీ చేత్తో సర్దినదే తేండి. పరిమితికి మించి బంగారం ఉంటే శంషాబాద్‌లో దిగినా, బెంగళూరులో దిగినా, చెన్నైలో దిగినా నేరుగా సుంకం కట్టాల్సినవారి దారైన రెడ్ ఛానల్‌కు పోయి బిల్లు చూపించి సుంకం కట్టండి. కట్టాల్సిందేమీ లేనివారు పోయే గ్రీన్ ఛానల్‌లోకి అడుగు పెట్టాక "చెప్దామనుకున్నా సార్" అంటే ఎవరూ వినరు.