వ్యాన్‌నే ఇల్లు చేసుకుని కొండలకు వెళ్లేవాళ్లకు

నెలల తరబడి వ్యాన్‌లో ఉంటూ కొండలెక్కాలని నిశ్చయించుకున్నవాళ్లు షూస్ గురించి, దారుల గురించి ఎన్నో రాత్రులు మాట్లాడుకుంటారు. తాడు సంచిని బ్యాటరీ పక్కన పెట్టకూడదన్న మాట మాత్రం ఆ కబుర్లలో రాదు. అందుకే అక్కడి నుంచే మొదలుపెడుతున్నాను.

క్లైంబింగ్ తాడు నైలాన్‌తో చేసింది. నడుముకు కట్టుకునే హార్నెస్‌లో, చాలా స్లింగుల్లో (పట్టీతో చేసిన ఉచ్చుల్లో) కూడా నైలాన్ ఉంటుంది. లెడ్ యాసిడ్ బ్యాటరీలో ఉండేది సల్ఫ్యూరిక్ ఆమ్లం. అది తగిలిన నైలాన్ లోలోపలే చచ్చుబడిపోతుంది. పైకి రంగు మారకపోవచ్చు, చేత్తో తడిమినా తేడా తెలియకపోవచ్చు. పదునైన అంచు తగలకుండానే తెగిన తాళ్లను పరీక్షిస్తే ఈ ఆమ్లమే కారణమని తేలిన సందర్భాలున్నాయి. కాబట్టి తాళ్లకు మూత ఉన్న పెట్టె ఒకటి కేటాయించండి. బ్యాటరీకి, ఇంధనం డబ్బాకు, శుభ్రం చేసే ద్రావణాలకు, ఎండకు దూరంగా ఉంచండి. ఒకరు వాడిన వ్యాన్ కొన్నట్టయితే, పాత బ్యాటరీ ఉన్న చోట రేకు తుప్పుపట్టిందా, కింద పరిచిన తివాచీ మరకపడిందా చూసి, ఆ తివాచీని తీసేయండి. మీరు లిథియం బ్యాటరీ పెట్టించుకున్నా ముందటివాళ్లు ఒలకబోసింది అక్కడే ఉండొచ్చు. తాడుకు ఆమ్లం తగిలిందేమోనని అనుమానం వస్తే చాలు, ముక్కలుగా కోసి పారేయండి. ఇంకెవరూ పొరపాటున కట్టుకోకుండా ఉంటారు.

రెండోది గాలి. మూసిన వ్యాన్‌లో వెచ్చదనం కోసం వంట స్టవ్ వెలిగించడం ఎట్టి పరిస్థితిలోనూ వద్దు. సరిగా మండని మంట నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా ఉండవు. అది ఎక్కించే తలనొప్పి, వికారం, నీరసం అచ్చం ఎత్తైన చోట్ల వచ్చే కొండజబ్బులాగే ఉంటాయి. ఎత్తు వల్లేలే అనుకుని దుప్పటి కప్పుకుని పడుకునేవాళ్ల గురించే నా భయం. వ్యాన్‌లో తలనొప్పి మొదలైతే ముందు మంట ఆర్పి, తలుపులు తీసి, అందరూ బయటికి రావాలి. కారణాలు తర్వాత వెతుక్కోవచ్చు. మోనాక్సైడ్ అలారం పడుకున్నప్పుడు తల ఉండే ఎత్తులో ఉండాలి. గ్యాస్ లీకు అలారం మాత్రం నేల దగ్గర పెట్టాలి, ఎందుకంటే ఎల్పీజీ గాలికన్నా బరువు, కిందికి దిగి పేరుకుంటుంది. ఈ రెండింటినీ ఒకే చోట బిగించిన వ్యాన్లు చూశాను. మంటలార్పే సిలిండర్ పరుపు మీది నుంచి చెయ్యి చాపితే అందాలి. వెనక తలుపుకు సామాను అడ్డం పేర్చకండి.

చలిప్రాంతాలకు వెళ్లేవాళ్లు ఇంకోటి గుర్తుంచుకోవాలి. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీని 0 డిగ్రీల కన్నా తక్కువలో చార్జ్ చేస్తే శాశ్వతంగా పాడవుతుంది. చలికి చార్జింగ్ ఆపే ఏర్పాటు దానిలో ఉందో లేదో కొనేముందే అడగండి.

ఇక బరువు. సామాను తగ్గించుకోవడం అంటే అందరూ మనసుకు సంబంధించిన విషయంగా మాట్లాడతారు. నాకది ముందుగా బ్రేకుల విషయం. 80 లీటర్ల నీళ్లు నింపితే 80 కిలోలు. దానికి ఇంధనం, మనుషులు, కొండెక్కడానికి వాడే ఇనప సామాను, పుస్తకాలు, పరుపు కలపండి. అన్నీ నింపి, అందరూ ఎక్కి, వ్యాన్‌ను వాహనాలు తూచే వేబ్రిడ్జి మీదికి తీసుకెళ్లండి. తయారీదారు పలక మీద రాసిన గరిష్ఠ బరువుతో పోల్చండి. వీలైతే ముందు, వెనక ఇరుసుల బరువు విడివిడిగా తూయించండి. మొత్తం సరిపోయినా వెనక ఇరుసు మీద మితిమీరి ఉండొచ్చు. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. తేమ చేరిన ఆయిల్ పొడవైన దిగుడులో వేడికి మరిగి, పెడల్ నొక్కినా బ్రేకు పట్టదు. మార్చి రెండేళ్లయితే బయల్దేరే ముందే మార్పించండి, దిగేటప్పుడు తక్కువ గేరులో దిగండి. టైరు పక్కన అచ్చువేసిన తయారీ గుర్తు, అంటే డాట్ కోడ్, చివర నాలుగు అంకెలు చూడండి. 2319 అంటే 2019లో 23వ వారం తయారైందని. గీతలు లోతుగానే ఉన్నా, పాతబడిన రబ్బరు పగులుతుంది.

ఏం వదిలేయాలో ఇంట్లో కూర్చుని ఆలోచిస్తే తేలదు. ఇల్లు ఖాళీ చేయకముందే రెండు వారాలు వ్యాన్‌లో పడుకోండి. కావలసినప్పుడల్లా ఇంట్లోకి వెళ్లి ఒక్కో వస్తువే తెచ్చుకోండి. రెండు వారాల తర్వాత కూడా ఇంట్లోనే ఉండిపోయినవాటిలో చాలావరకు మీకు అక్కర్లేనివే. మొదట్లో కష్టమనిపిస్తుంది, పదో రోజుకల్లా చెయ్యి తేలికపడుతుంది. అయితే ఆ ఊపులో కొన్నింటిని తగ్గించకండి. రెండో హెడ్‌ల్యాంపు, ప్రథమ చికిత్స పెట్టె, రోజూ వేసుకునే మందులు, అదనపు కళ్లజోడు, హెల్మెట్లు ఉండాల్సిందే. ఇద్దరు వెళ్తుంటే ఇద్దరి ఇనప సామానూ నేల మీద పరిచి, ఒకే సైజువి పక్కపక్కన పెట్టి చూడండి. బరువు ఎక్కడ తగ్గుతుందో అక్కడే కనిపిస్తుంది. మిగిలింది నేలకు దగ్గరగా, పట్టీలతో కట్టి పెట్టండి. మా తొలి ప్రయాణంలో కట్టని కారబైనర్ల (తాడు తగిలించే కొక్కేల) పెట్టె ఒక్క గట్టి బ్రేకుకు ముందు సీటు వీపును గుద్దుకుంది. ఆ సీట్లో అప్పుడు ఎవరూ లేరు.

తడిసిన తాడును, బట్టలను లోపలే ఆరేస్తే రాత్రి ఊపిరి తేమ కూడా కలిసి పరుపు కింద బూజు పడుతుంది. పైకప్పు ఫ్యాను నడపండి, వారానికోసారి పరుపు ఎత్తి చూడండి.

బయల్దేరే ముందు ఇంటి దగ్గర ఒకరిని ఎంచుకుని, వ్యాన్ నంబరు, ఫొటో, బీమా కాగితాల నకళ్లు ఇవ్వండి. కొండెక్కే ప్రతి రోజూ ఏ రాతిగోడ, ఏ దారి, ఎన్నింటికి దిగుతారు అన్నది సిగ్నల్ ఉన్న చోటనే పంపించండి. ఎన్ని గంటలు దాటితే రక్షణ బృందానికి ఫోన్ చేయాలో ఇద్దరూ ముందే మాట్లాడుకుని కాగితం మీద రాసుకోండి. దిగాక వాళ్లకు ఒక్క మాట పంపడం మరవకండి, అలసిపోయి ఉన్నా సరే.