రిలీజ్ వారానికి ముందే గిట్‌లో సర్దుకోవాల్సినవి

మామూలు రోజుల్లో గిట్ (కోడ్‌లో ఎవరు ఏం మార్చారో దాచిపెట్టే టూల్) ఎవరి జోలికీ రాదు. ఒకరు లాగిన్ పేజీ మీద, ఇంకొకరు రిపోర్టుల మీద పనిచేసుకుంటూ ఉంటారు. రెండు రోజులకోసారి మెర్జ్ అవుతుంది, అంటే విడివిడి పనులు ఒకటవుతాయి, అంతే. రిలీజ్ ఇంకో వారం ఉందనగా పరిస్థితి మారిపోతుంది. అందరి పెండింగ్ పనులూ ఒకేసారి మెయిన్ బ్రాంచ్‌లోకి (ఎవరి పని వాళ్లు చేసుకునే విడి శాఖలు బ్రాంచ్‌లు, అన్నీ చేరేది మెయిన్) రావాలి, అందరూ అవే నాలుగైదు ఫైళ్లు ముట్టుకుంటారు. నిద్ర తక్కువ, తొందర ఎక్కువ. ఒకరి పని మీద ఇంకొకరి పని పడేది ఈ వారంలోనే. అప్పుడు కూర్చుని చదువుకునే తీరిక ఉండదు కాబట్టి ముందే చూసుకోవాల్సినవి రాస్తున్నాను.

"గిట్ వాడుతున్నాం కదా, ఏదీ పోదు" అనే ధీమా సగమే నిజం. కమిట్ చేసినదాన్ని, అంటే గిట్‌లో నమోదు చేసిన మార్పుని, పోగొట్టుకోవడం కష్టమే. బ్రాంచ్ పొరపాటున డిలీట్ అయినా, రీబేస్ (మీ కమిట్లను మెయిన్ తాజా స్థితి మీద మళ్లీ పేర్చడం) చెడిపోయినా రీఫ్లాగ్‌లో, అంటే బ్రాంచ్‌లు ఎప్పుడు ఏ కమిట్ దగ్గర ఉన్నాయో గిట్ రాసుకునే చిట్టాలో, పాత కమిట్ దొరుకుతుంది. సెట్టింగులు మార్చకపోతే ఆ నమోదులు 90 రోజులు ఉంటాయి, బ్రాంచ్‌తో సంబంధం తెగిపోయిన కమిట్లవి 30 రోజులు. కమిట్ చేయని పని సంగతి వేరు. రీసెట్ హార్డ్ (ఫైళ్లను కమిట్ చేసిన స్థితికి వెనక్కి తెచ్చే కమాండ్) కొట్టారంటే పొద్దున్నుంచి చేసిన మార్పులు పోయినట్టే. క్లీన్ కమాండ్ అయితే గిట్‌కి ఇంకా చేర్చని కొత్త ఫైళ్లను చెత్తబుట్టలో కూడా వేయకుండా తీసేస్తుంది. దాన్ని ఎప్పుడు వాడినా ముందు డ్రై రన్ పెట్టి ఏవి పోతాయో చూడండి.

అందుకే ఈ వారం మొత్తం గంటకోసారి కమిట్ చేయండి. మెసేజ్ "సగం అయింది" అని ఉన్నా ఫర్వాలేదు, తర్వాత అన్నీ కలిపి ఒక్క కమిట్ చేసుకోవచ్చు. సాయంత్రం లేచేముందు మీ బ్రాంచ్‌ని పుష్ చేయండి, అంటే సర్వర్‌కి పంపండి. రీఫ్లాగ్ గానీ, స్టాష్ (కమిట్ చేయని మార్పుల్ని పక్కన దాచుకునే చోటు) గానీ మీ మెషీన్‌లో మాత్రమే ఉంటాయి, పుష్‌తో సర్వర్‌కి వెళ్లవు. ల్యాప్‌టాప్ డిస్క్ పోతే అవీ దానితోపాటే పోతాయి. స్టాష్‌లో మూడు వారాల పని దాచుకున్నవాళ్లను చూశాను, వాళ్లకు చెప్పినా వినరు.

ఇక ఫోర్స్ పుష్. మామూలు పుష్‌లో, సర్వర్‌లో మీ దగ్గర లేని కమిట్లు ఉంటే గిట్ ఒప్పుకోదు, ముందు వాటిని తెచ్చుకోమంటుంది. ఫోర్స్ పెడితే ఆ అడ్డు తీసేసినట్టే. సర్వర్‌లో ఉన్న బ్రాంచ్ మీ దగ్గరున్న బ్రాంచ్‌లా మారిపోతుంది, మధ్యలో వేరేవాళ్లు చేర్చినది బ్రాంచ్‌లోంచి జారిపోతుంది. నేను ఒకప్పుడు పనిచేసిన టీమ్‌లో ఒక రాత్రి ఇదే జరిగింది. నాలుగు రోజులుగా పుల్ చేయని (సర్వర్‌లోని కొత్త మార్పులు తెచ్చుకోని) మెషీన్ నుంచి మెయిన్ బ్రాంచ్‌కి ఫోర్స్ పుష్ వెళ్లింది. ఇద్దరి రెండు రోజుల పని కనబడలేదు. వాళ్లలో ఒకరు ఆ రాత్రి ఇంకా పుల్ చేయలేదు కాబట్టి అన్ని కమిట్లూ ఆ ల్యాప్‌టాప్‌లో అలాగే ఉన్నాయి. దాన్ని ఎవరూ ముట్టుకోవద్దని చెప్పి, పొద్దున్న అక్కడి నుంచే తిరిగి పుష్ చేశాం. ఫోర్స్ కొట్టింది ఎవరంటారా? నేనే.

ఆ తర్వాత నేను చేసిన మొదటి పని, మెయిన్ బ్రాంచ్‌కి ప్రొటెక్షన్ పెట్టడం. గిట్‌హబ్, గిట్‌ల్యాబ్ లాంటి గిట్ ప్రాజెక్టులు ఉంచే సైట్లలో ఇది సెట్టింగుల్లో రెండు నిమిషాల పని: ఫోర్స్ పుష్ బంద్, నేరుగా పుష్ కూడా బంద్, ఇంకొకరు చూశాకే మెర్జ్. అడ్మిన్లకు మినహాయింపు ఇవ్వొద్దు, అర్ధరాత్రి తొందరపడేది ఎక్కువగా వాళ్లే. మీ సొంత బ్రాంచ్‌లో రీబేస్ చేశాక ఫోర్స్ తప్పదనుకుంటే, ఫోర్స్ విత్ లీజ్ అనే రకం వాడండి. మీరు చివరిసారి చూసిన తర్వాత సర్వర్‌లో ఎవరైనా ఏదైనా చేర్చి ఉంటే అది ఆగిపోతుంది. దానికీ ఒక లొసుగు ఉంది. కొన్ని ఎడిటర్లు వెనకాల వాటంతట అవే ఫెచ్ చేస్తుంటాయి, అంటే సర్వర్‌లో కొత్తగా చేరినవి తెచ్చిపెట్టుకుంటాయి. అప్పుడు మీరు కళ్లతో చూడకపోయినా చూసినట్టే గిట్ లెక్క వేసుకుంటుంది, పుష్ వెళ్లిపోతుంది. రిలీజ్ వారంలో ఆ ఆటోమేటిక్ ఫెచ్‌ని ఆపేయడం మంచిది.

అందరూ భయపడేది మెర్జ్ కాన్‌ఫ్లిక్ట్ గురించి. నాకు మాత్రం కాన్‌ఫ్లిక్ట్ రాకుండా అయిపోయిన మెర్జ్ అంటేనే టెన్షన్. కాన్‌ఫ్లిక్ట్ వస్తే గిట్ ఆగి, ఇక్కడ ఇద్దరు ఒకే లైన్ మార్చారు, మీరే తేల్చుకోండి అంటుంది. రాకపోతే అంతా బాగుందని కాదు, లైన్లు ఒకదానికొకటి అడ్డు రాలేదని మాత్రమే. ఒకరు టైమౌట్ (ఎంతసేపు ఎదురుచూడాలో చెప్పే) ఫంక్షన్‌ని సెకన్ల నుంచి మిల్లీసెకన్లకు మార్చి, దాన్ని పిలిచే చోట్లన్నీ సరిచేశారనుకోండి. అదే రోజు ఇంకొకరు, వేరే ఫైల్లో, ఆ ఫంక్షన్‌ని కొత్తగా 30 అనే విలువతో పిలిచారు. ఆయన ఉద్దేశం 30 సెకన్లు. రెండు బ్రాంచ్‌లూ విడివిడిగా టెస్టులు పాసయ్యాయి, మెర్జ్ కూడా నవ్వుతూ అయిపోయింది. ఇప్పుడు ఆ టైమౌట్ 30 మిల్లీసెకన్లు.

దీనికి గిట్‌లో మందు లేదు. బ్రాంచ్ మీద టెస్టులు నడిపితే చాలదు, మెయిన్‌తో కలిపాక వచ్చేదాని మీద నడపాలి. రోజూ పొద్దున్నే మెయిన్‌ని మీ బ్రాంచ్‌లోకి తెచ్చుకుంటే ఇలాంటివి చిన్నగా ఉన్నప్పుడే బయటపడతాయి. పది రోజులు విడిగా పెరిగిన బ్రాంచ్‌ని చివరిరోజు కలపాలంటే తల ప్రాణం తోకకొస్తుంది. చివరి మూడు రోజులు ఒకరి తర్వాత ఒకరు మాత్రమే మెర్జ్ చేసేలా వరస పెట్టుకోండి, ఎవరి వంతో గ్రూప్‌లో చెప్పుకుంటే చాలు. ఈ వారంలో ఫైల్ మొత్తాన్ని ఫార్మాటర్‌తో సర్దడం, ఫోల్డర్ల పేర్లు మార్చడం లాంటి శుభ్రత పనులు పెట్టుకోవద్దు. రెండు లైన్ల మార్పు రెండు వేల లైన్ల తేడాలా కనిపిస్తే రివ్యూ చేసేవారు ఏమీ చదవకుండానే ఓకే కొడతారు.

కాన్‌ఫ్లిక్ట్ వచ్చినప్పుడు కూడా ఒక్కరే కూర్చుని తేల్చేయకండి, ఆ లైన్ రాసిన మనిషిని పక్కన పెట్టుకోండి. రీబేస్‌లో "అవర్స్", "థెయిర్స్" (కాన్‌ఫ్లిక్ట్‌లో ఏ వైపు ఉంచాలో చెప్పే మాటలు) అర్థాలు తిరగబడతాయన్నది కూడా గుర్తుంచుకోవాలి: అక్కడ అవర్స్ అంటే మీరు ఎక్కించుకుంటున్న మెయిన్ వైపు, థెయిర్స్ అంటే మీ సొంత పని. ఇది తెలియక తమ పనిని తామే చెరిపేసుకున్నవాళ్లు చాలామంది. అయోమయంగా ఉంటే అబార్ట్ చేయండి, మొదలుపెట్టక ముందున్న స్థితికి వెళ్లిపోవచ్చు.

గిట్‌ని లైనస్ టోర్వాల్డ్స్ 2005లో లైనక్స్ కెర్నల్ కోసం రాశాడు, అంటే లైన్లు లైన్లుగా ఉండే కోడ్ కోసం. బొమ్మలు, స్ప్రెడ్‌షీట్లు, డిజైన్ ఫైళ్లు దానికి కలపడం రాదు, ఎవరో ఒకరి కాపీనే మిగులుతుంది. అలాంటి ఫైల్‌ని ఒకసారికి ఒకరే తెరిచేలా లాక్ పెట్టుకోవాలి. సబ్‌వెర్షన్ అనే ఇలాంటి ఇంకో టూల్‌లో ఆ సౌకర్యం ఉంది, గిట్‌లో ఎల్‌ఎఫ్‌ఎస్ (పెద్ద ఫైళ్ల కోసం చేర్చుకునే అదనపు భాగం)తో వస్తుంది. పెద్ద వీడియో ఏదైనా కమిట్ చేస్తే, తర్వాత తీసేసినా చరిత్రలో ఉండిపోతుంది. గిట్‌హబ్ అయితే 100 ఎంబీ దాటిన ఫైల్‌ని అసలు తీసుకోదు.

పాస్‌వర్డ్, కీ లాంటివి పొరపాటున పుష్ అయితే చరిత్ర శుభ్రం చేయడానికి పరిగెత్తకండి. ముందు ఆ కీని రద్దు చేసి కొత్తది తీసుకోండి, తుడవడం తర్వాత. గిట్ ఇగ్నోర్‌లో (గిట్ పట్టించుకోకూడని ఫైళ్ల జాబితా) పేరు రాసినంత మాత్రాన ఇప్పటికే కమిట్ అయిన ఫైల్ ఆగదని కూడా చూసుకోండి.

లైన్ ఎండింగ్‌ల గొడవకు (విండోస్, లైనక్స్ లైను చివర వేర్వేరు గుర్తులు పెట్టడం వల్ల వచ్చేది) ఒక గిట్ అట్రిబ్యూట్స్ ఫైల్ పెడితే సరిపోతుంది.

బ్యాకప్ గురించి: ప్రతి క్లోన్ (ఒక్కొక్కరి మెషీన్‌లోకి తెచ్చుకున్న రిపాజిటరీ) ఒక కాపీయే, నిజమే. కానీ రివ్యూ చర్చలు, టికెట్లు క్లోన్‌లో రావు. 2017 జనవరి 31న గిట్‌ల్యాబ్‌లో ఒక ఇంజనీరు పొరపాటున అసలు డేటాబేస్ సర్వర్‌లో డేటా తుడిచేశాడు. బ్యాకప్‌లు ఉన్నాయనుకున్నారు, చూస్తే అవి సరిగా పనిచేయడం లేదు. దాదాపు 6 గంటల డేటా పోయింది. కోడ్ రిపాజిటరీలకు ఏమీ కాలేదు, కామెంట్లు, టికెట్ల లాంటివే పోయాయి. అన్ని బ్రాంచ్‌లూ, ట్యాగ్‌లూ ఉండే మిర్రర్ క్లోన్ ఒకటి వేరే చోట పెట్టుకోండి, రిలీజ్‌కి ముందే దాని నుంచి ఒక్కసారి పూర్తిగా తిరిగి నిలబెట్టి చూడండి.

చివరిగా, వెనక్కి వెళ్లే దారి. రిలీజ్ అయ్యే కమిట్‌కి ట్యాగ్, అంటే గుర్తుపట్టే పేరు, వేయండి. ఏదైనా బ్రాంచ్ వల్ల తేడా వస్తే చరిత్ర మార్చకుండా ఆ మెర్జ్‌ని రివర్ట్ చేయండి, అంటే దాని మార్పుల్ని తిప్పేసే కొత్త కమిట్ వేయండి. అయితే రివర్ట్ చేసిన బ్రాంచ్‌ని సరిచేసి మళ్లీ మెర్జ్ చేస్తే పాత మార్పులు తిరిగి రావు. ఆ కమిట్లు ఎప్పుడో కలిసిపోయాయని గిట్ అనుకుంటుంది, కొత్తగా చేసిన సవరణ ఒక్కటే వస్తుంది. ముందు ఆ రివర్ట్‌నే రివర్ట్ చేయాలి. ఈ మాట టికెట్‌లో అప్పుడే రాసిపెట్టండి, రెండు వారాల తర్వాత ఆ బ్రాంచ్‌ని కలిపేది మీరే కాకపోవచ్చు.