షేర్లు కొనేముందు యాన్యువల్ రిపోర్ట్‌ల ఇవి చూడుండ్రి

మన నల్గొండ, పాలమూరు దిక్కు ఇప్పుడు శానామంది ఫోన్లల్ల డీమ్యాట్ (షేర్లు ఉంచుకునే ఖాతా) ఉంది, కానీ పైసలు పెట్టేముందు కంపెనీ ఏడాదికోసారి ఇచ్చే రిపోర్ట్ తెరిచేటోళ్లే తక్కువ. షేర్లు కొని అమ్మే ఎక్స్ఛేంజీలు ఎన్ఎస్ఈ, బీఎస్ఈ సైట్లల్ల ఫ్రీగనే దొరుకుతది.

– ముందుగాల కంపెనీ లెక్కలు తనిఖీ చేసే ఆడిటర్ రిపోర్ట్ చదవాలె, ఛైర్మన్ లెటర్ తర్వాత. క్వాలిఫైడ్ ఒపీనియన్ ఇచ్చిండంటే ఏదో లెక్క మీద ఆయనకు అభ్యంతరం ఉన్నట్టు, ఆ పేరా మొత్తం చదువుండ్రి.

– లాభం ఒక్కటే చూసి ఆగొద్దు. మిర్యాలగూడల మిల్లు ఆయన బియ్యం ఉద్దెరకు పంపి అమ్మకం రాసుకుంటే పైసలు రాకున్నా లాభం కనపడతది, పెద్ద కంపెనీది గూడ అంతే, గందుకే మూడు నాలుగేండ్ల ఆపరేటింగ్ క్యాష్ ఫ్లోను (వ్యాపారంల నిజంగ చేతికొచ్చిన పైసలు) లాభం పక్కకు పెట్టి చూడాలె, లాభం పెరుగుకుంట క్యాష్ రాకపోతే, రావాల్సిన బాకీలు పెరుగుతుంటే ఆగుండ్రి.

– బ్యాంకుల క్యాష్ మస్తుందని రాస్తే, మరి దానికి తగ్గ వడ్డీ వస్తుందా చూడాలె, రాకుంటే ఆ క్యాష్ ఉన్నదా అని అనుమానించాలె. సత్యం కంప్యూటర్స్‌ల 5,040 కోట్ల క్యాష్ లేనేలేదని 2009 జనవరి 7న ఛైర్మనే లెటర్ రాసిండు, అప్పటిదాక ఆడిట్ సంతకాలు అన్నీ ఉన్నయి.

– రిలేటెడ్ పార్టీ లావాదేవీలు (కంపెనీ తన ఓనర్లు, వాళ్ల సొంతోళ్లతోని చేసినయి), ప్రమోటర్ (కంపెనీ అసలు ఓనర్) తాకట్టు పెట్టిన షేర్లు తప్పకుండ చూడాలె.

– చాలా కంపెనీల లెక్క మార్చి 31 దాకనే, తర్వాతి క్వార్టర్ (మూడు నెలల) రిజల్ట్స్ గూడ తీసుకోండ్రి.