జూకి వెళ్లే ముందు వారం చూసుకోండి

విశాఖ జూకి సోమవారం సెలవు. ఈ సంగతి తెలియక పోయిన ఏడు మా ఇంటికొచ్చిన చుట్టాల పిల్లల్ని తీసుకుని గేటు దాకా వెళ్లి వెనక్కి వచ్చాం. చిన్నవాడు ఆటోలో ఏడ్చిన ఏడుపు ఇప్పటికీ చెవుల్లోనే ఉంది.

ఈ సెలవు అన్ని ఊళ్లలో ఒకటే కాదు. హైదరాబాద్ నెహ్రూ జూకి సోమవారమే కానీ మైసూరు, చెన్నై వండలూరు జూలకి మంగళవారం, ఢిల్లీ జూకి శుక్రవారం. టూర్ వేసుకునేటప్పుడే చూసుకుంటే టెన్షన్ ఉండదు.

మన జూకి ఇంకో తిరకాసు ఉంది. కంబాలకొండ అడవిని ఆనుకుని 600 ఎకరాలకు పైగా ఉంటుంది, గేట్లు రెండు. ఒకటి హైవే వైపు, ఇంకోటి సాగర్‌నగర్ దగ్గర బీచ్‌రోడ్డు వైపు. బండి ఏ గేటు దగ్గర పెట్టారో గుర్తుంచుకోండి. రెండో గేటులోంచి బయటపడ్డారా, చంకలో పిల్లాడితో మళ్లీ అంత దూరం నడవాల్సిందే.

వెళ్తే పొద్దున్నే, గేటు తీసిన వేళకే వెళ్లండి. పులి అటూ ఇటూ పచార్లు చేస్తూ, ఒక్కోసారి కంచె దాకా వస్తుంది. మిట్టమధ్యాహ్నం వెళ్తే చెట్టు కింద పడుకున్న దాని వీపు, అప్పుడప్పుడూ ఆడే తోక కొస, అంతే. విశాఖ ఉక్కపోతలో దాన్నీ తప్పుపట్టలేం! నీళ్ల సీసా మరిచిపోకండి.