కళ్ళు చెప్పే దూరాన్ని నమ్మొద్దు: న్యూ మెక్సికో ఎడారిలో దుప్పి వేటకు వెళ్ళేముందు

డాలస్, ఆస్టిన్ వైపు ఉంటూ ఏటా వైట్‌టెయిల్ (తెల్లతోక దుప్పి) వేటకి వెళ్ళే మన తెలుగువాళ్ళలో కొందరు ఈమధ్య న్యూ మెక్సికో డ్రాకి, అంటే వేట అనుమతుల లాటరీకి, అప్లై చేస్తున్నారు. బయటి రాష్ట్రాల వాళ్ళకి అక్కడి డ్రాలో వచ్చేవి నూటికి 6 ట్యాగులు (ఒక్కో ట్యాగు ఒక జంతువుని కొట్టడానికి అనుమతి), గైడుతో వెళ్తే ఇంకో 10. కాబట్టి తగలడమే అదృష్టం. తగిలినవాళ్ళు ఫోన్ చేసి "అన్నా, ఏమేం తీసుకెళ్ళాలి?" అని అడుగుతారు. వాళ్ళకి చెప్పేదే ఇక్కడ రాస్తున్నాను. ఇదంతా అక్కడి చట్టం ప్రకారం లైసెన్సు, ట్యాగు తీసుకుని చేసే వేట సంగతి. మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద జింకని, దుప్పిని వేటాడటం నేరం. అందులో రెండో మాటకి తావు లేదు.

నేను పుట్టింది అనంతపురం జిల్లాలో. ఎండ, ముళ్ళకంప, నీళ్ళు లేని వాగు నాకు కొత్త కాదు. ఆ ధీమాతోనే మొదటిసారి న్యూ మెక్సికోలోని డెమింగ్ ఊరికి దక్షిణాన పబ్లిక్ ల్యాండ్‌లో (ప్రభుత్వ భూమిలో) దిగాం, నేనూ మా బావా. తెల్లారేసరికి ఎదురుగా ఒక కొండ కనిపించింది. దాని మీదున్న జూనిపర్ చెట్లు ఒక్కొక్కటీ లెక్కపెట్టొచ్చు, అంత స్పష్టంగా ఉంది.

"బావా, అక్కడికి ఎంతసేపు పడుతుందంటావు?"

"ఎంతలేరా, ఇరవై నిమిషాలు."

గంటన్నర పట్టింది. పైనుంచి బల్లపరుపుగా కనిపించిన నేలలో ఆరు వాగులు దిగి ఎక్కాల్సి వచ్చింది, ఒక్కొక్కటీ నిలువెత్తు లోతు. కొండెక్కి వెనక్కి చూస్తే మా ట్రక్కు లేదు. తెల్ల ట్రక్కు, పక్కనే గాలిమర, అయినా ఆ పొదల్లో ఎక్కడుందో కంటికి ఆనలేదు. చెరో లీటరు సీసాతో బయల్దేరాం, పది గంటలకల్లా అవి ఖాళీ. మధ్యాహ్నానికి మా బావ మాట్లాడటం తగ్గించాడు. తలనొప్పి అన్నాడు. కాసేపటికి నేను ఒకటి అడిగితే సంబంధం లేని జవాబు చెప్పాడు. అప్పుడు నాకు పట్టుకున్న భయం ఇప్పటికీ గుర్తుంది. వాగు గట్టు నీడలో పడుకోబెట్టి, చొక్కా గుండీలు తీసి, ఎండ తగ్గేదాకా కూర్చున్నాం. నాలుగు దాటాక మెల్లగా నడిచి ట్రక్కు చేరాం.

ఆ తప్పంతా దూరం దగ్గరే జరిగింది. అక్కడ గాలిలో తేమ ఉండదు, కాబట్టి మూడు మైళ్ళ అవతలి రాయి కూడా చేతికి అందేలా కనిపిస్తుంది. పోల్చుకోవడానికి ఒక ఇల్లు గానీ, కరెంటు స్తంభం గానీ ఉండదు. కొండ దగ్గరనుకుంటాం, జంతువు దగ్గరనుకుంటాం, ట్రక్కు ఇక్కడే ఉందిలే అనుకుంటాం. నేను చెప్పే జాగ్రత్తలన్నిటికీ మూలం ఇదే. ట్రక్కు దిగగానే తలుపు వేయకముందే ఫోన్‌లోనో జీపీఎస్‌లోనో పిన్ పెట్టండి. అక్కడ సిగ్నల్ ఉండదు, మ్యాపులు ఇంటి దగ్గరే డౌన్‌లోడ్ చేసుకోండి. నడిచే దూరాన్ని కంటితో కాకుండా మ్యాపు మీద కొలిచి, వాగులున్న చోట ఆ లెక్కకి రెట్టింపు టైము వేసుకోండి.

నీళ్ళు

మనిషికి రోజుకి నాలుగు లీటర్లు ఒంటి మీద ఉండాలి. అంటే నాలుగు కిలోల బరువు. "అంత బరువు మోయలేం అన్నా" అంటారు. మోయలేకపోతే అంత దూరం వెళ్ళకండి, అదే జవాబు. ట్రక్కులో వేరే నిల్వ ఉండాలి. ఇద్దరు నాలుగు రోజులుంటే పన్నెండు గ్యాలన్లకి తగ్గకుండా పెట్టుకోండి. ఒకే పెద్ద డబ్బాలో కాకుండా రెండు మూడు డబ్బాల్లో పోయండి, ఒకటి పగిలినా మిగతావి ఉంటాయి.

మనవాళ్ళు ఎక్కువగా మోసపోయేది చెమట దగ్గర. విజయవాడ ఎండలో చొక్కా తడిసి ఒంటికి అంటుకుంటుంది, ఒళ్ళు నీళ్ళు పోగొట్టుకుంటోందని తెలుస్తుంది. ఈ పొడిగాలిలో చెమట పట్టిన క్షణంలోనే ఆరిపోతుంది. చొక్కా పొడిగానే ఉంటుంది, దాహం వెయ్యదు, మనిషి మాత్రం లోపల ఎండిపోతుంటాడు. దాహం కోసం చూడకుండా గంటకోసారి తాగండి. ఇండియా నుంచి తెచ్చుకున్న ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు నాలుగు బ్యాగులో వేసుకోండి. పశువుల తొట్లలో నీళ్ళున్నాయిలే అని బయల్దేరొద్దు. ఆ ఏడాది ఆ తొట్టి ఎండి ఉండొచ్చు, ఉన్నా పాచి పట్టి ఉంటుంది. పైగా చుట్టుపక్కల జంతువులన్నిటికీ అదే దిక్కు, కాబట్టి దాని పక్కన మకాం వెయ్యకండి. చాలాచోట్ల అది చట్టరీత్యా కూడా తప్పు.

చలి సంగతి కూడా మర్చిపోవద్దు. డెమింగే సముద్రమట్టానికి 4,300 అడుగుల ఎత్తున ఉంది. నవంబర్‌లో పగలు టీషర్టు చాలనిపిస్తుంది, తెల్లవారుజామున సీసాలో నీళ్ళు గడ్డకడతాయి. ఒక వెచ్చని జాకెట్, ఊలు టోపీ, తలకి కట్టుకునే లైటు, లైటర్ రోజంతా వీపు మీదే ఉండాలి, సాయంత్రానికి వచ్చేస్తాంలే అనుకున్న రోజున కూడా.

కాగితాలు

ట్యాగు మీద ఏ దుప్పికి అనుమతి ఉందో చదవండి. నైరుతి న్యూ మెక్సికోలో మ్యూల్ డీర్, కూస్ వైట్‌టెయిల్ రెండూ తిరుగుతాయి, కొన్ని ట్యాగులు రెండిట్లో ఒకదానికే చెల్లుతాయి. మ్యూల్ డీర్ తోక సన్నగా తాడులా తెల్లగా ఉండి చివర నలుపు, చెవులు కంచరగాడిద చెవుల్లా పెద్దవి, కొమ్ము చీలి మళ్ళీ చీలుతుంది. కూస్ చిన్న జంతువు. దాని కొమ్ము ముందుకి వంగిన ఒకే కాండం, దాని మీంచి పళ్ళు నిలువుగా లేస్తాయి. పరిగెత్తేటప్పుడు వెడల్పాటి తోక ఎత్తుతుంది, అడుగున తెలుపు మెరుస్తుంది. అనుమానం ఉంటే ట్రిగ్గర్ ముట్టుకోకండి.

ఇక వీసా. గ్రీన్ కార్డు ఉన్నవాళ్ళకి పెద్ద ఇబ్బంది లేదు. హెచ్1బి, ఎఫ్1 లాంటి నాన్-ఇమిగ్రెంట్ వీసా మీదున్నవాళ్ళు తుపాకీ గానీ తూటా గానీ దగ్గర పెట్టుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. ఏదైనా రాష్ట్రం ఇచ్చిన హంటింగ్ లైసెన్సు చేతిలో ఉన్నవాళ్ళకి మినహాయింపు ఉంది. అంటే ఆ లైసెన్సు గడువు ఒక్కరోజు దాటినా మీరు తప్పులో ఉన్నట్టే. స్నేహితుడి రైఫిల్‌ని కాసేపు పట్టుకోవడం కూడా ఇందులోకే వస్తుంది. ఇమిగ్రేషన్ లాయర్‌తో ఒకసారి మాట్లాడాకే ఈ ప్రయాణం పెట్టుకోండి, ఇది నేను బతిమాలి చెప్పే మాట. ఇంకోటి, ఐ-10 హైవే మీద లాస్ క్రూసెస్ దాటాక పడమటి వైపు వెళ్ళేటప్పుడు, తిరుగు ప్రయాణంలో టెక్సస్‌లోని సియెర్రా బ్లాంకా దగ్గర, బోర్డర్ పెట్రోల్ చెక్‌పోస్టులు ఉంటాయి. పాస్‌పోర్టు, ఐ-94 (దేశంలోకి వచ్చినట్టు ఇచ్చే రికార్డు), వీసా కాగితాలు అసలువే వెంట ఉంచుకోండి. రైఫిల్ ఖాళీ చేసి, పెట్టెలో పెట్టి, తాళం వేసి ఉంచండి. అడిగితే ఉందని సూటిగా చెప్పండి.

గడియారం కూడా చూసుకోవాలి. డాలస్‌కీ న్యూ మెక్సికోకీ గంట తేడా. పడమటి అంచున అరిజోనా టవర్ దొరికితే, అక్టోబర్‌లో అయితే, ఫోన్ ఇంకో గంట వెనక్కి పోతుంది. సూర్యోదయానికి అరగంట ముందు నుంచి సూర్యాస్తమయం తర్వాత అరగంట దాకానే వేట. కాబట్టి చేతికి మామూలు వాచీ పెట్టుకోండి.

బండి

డెమింగ్‌లోనో లార్డ్స్‌బర్గ్‌లోనో ట్యాంకు నిండా పోయించండి. మనం సర్కారు తుమ్మ అనే చెట్టుకి చుట్టమైన మెస్కీట్ అక్కడ నేలంతా ఉంటుంది. దాని ముల్లు టైరు పక్కగోడలో దిగితే ప్యాచ్ పనికిరాదు. డోనట్ అనే చిన్న తాత్కాలిక టైరు కాదు, పూర్తి సైజు స్టెప్నీ కావాలి, వీలైతే రెండు. ఇసుకలో జాకీ దిగబడకుండా కింద పెట్టే చెక్క, పార, గాలి పంపు తప్పనిసరి. వాన పడితే మట్టి రోడ్డు జిగురుముద్ద అవుతుంది, ఆరేదాకా కదలకండి. వాగులో గుడారం వెయ్యకండి, ఎంత చదునుగా, ఎంత మెత్తగా ఉన్నా సరే.

ఇంట్లోవాళ్ళకి మీరు ఎక్కడుంటారో రాసిచ్చి వెళ్ళండి. ఏ కౌంటీ, ఏ రోడ్డు, ట్రక్కు నంబరు, ఎన్ని గంటల్లోగా మెసేజ్ రాకపోతే ఆ కౌంటీ షెరీఫ్‌కి ఫోన్ చెయ్యాలి, ఆ నంబరు ఏంటి, ఇవన్నీ కాగితం మీద ఉండాలి. సిగ్నల్ లేనిచోట కూడా మెసేజ్ పంపే శాటిలైట్ మెసెంజర్ ఒకటి కొనండి. ఖరీదే, కానీ మా బావ అలా పడుకున్న రోజున నా దగ్గర అది ఉంటే ఆ నాలుగు గంటల టెన్షన్ ఉండేది కాదు.

ముళ్ళు, పాములు

నాగజెముడు మనకి తెలిసిందే. తెలియనిది చోయా అనే ఇంకో ముళ్ళ మొక్క. చూడటానికి బూజు పట్టిన బంతుల్లా ఉంటుంది. కొమ్మకి కాలు తగిలీ తగలగానే ఒక ముద్ద ఊడొచ్చి అంటుకుంటుంది. మా బావ పిక్కకి అంటుకున్నప్పుడు చేత్తో లాగబోయాడు, అది వేళ్ళకీ పట్టుకుంది. ఇప్పుడు పిక్క, చెయ్యి ఒకదానికొకటి కుట్టేసినట్టు ఉండిపోయాయి. అప్పుడు జేబులో ఉన్న తల దువ్వుకునే దువ్వెన తీశాను. చర్మానికీ ముద్దకీ మధ్య పళ్ళు దూర్చి, ఒంటికి దూరంగా ఒక్కసారిగా ఎగరేస్తే ముద్ద ఎగిరిపడింది. మిగిలిన ముళ్ళు చిన్న పటకారుతో ఒక్కొక్కటీ లాగాలి. ఒక వెడల్పు పళ్ళ దువ్వెన, ఒక పటకారు ఎప్పుడూ జేబులోనే ఉంచుకోండి.

రాటిల్‌స్నేక్ మధ్యాహ్నం వేడికి శీతకాలం మొదట్లో కూడా బయటికొస్తుంది. కంటికి కనిపించని రాతి అంచు మీద చెయ్యి వెయ్యకండి. కాటు పడితే గట్టిగా కట్టు కట్టడం, కోయడం, నోటితో పీల్చడం, ఐసు పెట్టడం ఏదీ చెయ్యొద్దు. ఉంగరాలు, వాచీ తీసేసి, మనిషిని కంగారుపడకుండా చూసుకుంటూ వీలైనంత త్వరగా ఆసుపత్రికి తీసుకెళ్ళండి. పాయిజన్ సెంటర్ నంబర్ 1-800-222-1222 ఫోన్‌లో ఉంచుకోండి.

తూటా వదిలే ముందు

టెక్సస్‌లో దుప్పులకి మేత వేసే ఫీడర్ పక్కన గూటిలో కూర్చుని వంద గజాల్లో కొట్టిన అలవాటు ఇక్కడ పనికిరాదు. ఇక్కడ వేటంటే సగంపైన బైనాక్యులర్‌తో కూర్చోవడమే. ట్రైపాడ్ మీద బిగించి, ఎండని వీపుకి పెట్టుకుని, కొండని వరసలు వరసలుగా వెతకండి. మొత్తం జంతువు కోసం చూడకండి, ఒక చెవి, ఒక కొమ్ము కొస, పొదల మధ్య ఒక అడ్డగీత కోసం చూడండి. పొద్దెక్కాక అవి ఉత్తరపు వాలు నీడల్లో పడుకుంటాయి.

దూరాన్ని రేంజ్‌ఫైండర్‌తోనే చూడాలి, వేరే బ్యాటరీ జేబులో ఉండాలి. 200 గజాలకి గురి సరిచేసిన .308 రైఫిల్ తూటా 300 గజాల దగ్గర సుమారు ఎనిమిది అంగుళాలు కిందకి దిగుతుంది. గంటకి పది మైళ్ళ అడ్డగాలి ఉంటే ఇంచుమించు ఏడు అంగుళాలు పక్కకి నెడుతుంది. దుప్పి గుండె, ఊపిరితిత్తులు ఉండే చోటు అన్నం పళ్ళెమంత ఉంటుంది, అంతే. అంచనా తప్పితే కడుపులో తగులుతుంది, ఆ జీవి గంటలకొద్దీ బాధపడి ఎక్కడో చస్తుంది. బల్ల మీద కాకుండా నేల మీద కూర్చుని, గాలిలో, బ్యాగు ఆనించి పదికి పది ఎంత దూరంలో పడతాయో అదే మీ హద్దు. నాది 250 గజాలు. అంతకు మించితే దగ్గరికి పాకడమో, వదిలేయడమో చేస్తాను. పదకొండు గంటలు కారులో కుదిపిన స్కోపు కదిలి ఉండొచ్చు, వేట మొదలయ్యే ముందురోజు మూడు తూటాలు కాల్చి చూసుకోండి.

కొండ శిఖరం మీద ఆకాశం వెనకాల ఉన్న జంతువుని ఎప్పుడూ కొట్టకండి. రైఫిల్ తూటా మూడు మైళ్ళ దాకా పోగలదు, అవతల ఎవరున్నారో మీకు కనిపించదు. మిలిటరీ భూముల్లో తప్ప న్యూ మెక్సికోలో దూరానికి కనిపించే ఆరెంజ్ రంగు బట్టలు వేసుకోవాలన్న నియమం లేదు, అయినా వేసుకోండి.

పడ్డాక

దూరం మళ్ళీ ఇక్కడ లెక్కకొస్తుంది. మగ మ్యూల్ డీర్ నుంచి ఎముక తీసిన మాంసమే 60 నుంచి 80 పౌండ్లు వస్తుంది. సాయంత్రం మూడింటికి, ట్రక్కుకి నాలుగు మైళ్ళ దూరంలో కొడితే రాత్రంతా మోయాలి. నీళ్ళు ఎన్ని మిగిలాయో చూసుకున్నాకే తుపాకీ ఎత్తండి. పడగానే నియమం ప్రకారం ట్యాగు పెట్టండి. వెంటనే తోలు వలిచి, నీడకి చేర్చి, తొడలు, జబ్బలు విడదీసి నూలు సంచుల్లో జూనిపర్ కొమ్మకి వేలాడదీయండి. పొడిగాలికి పైన పల్చని పొర కడుతుంది, అది మాంసాన్ని కాపాడుతుంది. ప్లాస్టిక్ కవరులో పెడితే గంటల్లో పాడవుతుంది. కూలర్‌లో ఐసు కరిగిన నీళ్ళు ఎప్పటికప్పుడు వదలండి.

దుప్పులకి సోకే క్రానిక్ వేస్టింగ్ డిసీజ్ అనే మెదడు రోగం న్యూ మెక్సికోలో 2002లో బయటపడింది. మెదడు, వెన్నెముక కొయ్యకండి, వాటిని రాష్ట్రం దాటించకండి, పరీక్షకి శాంపిల్ ఇవ్వండి. రోగం ఉందని తేలితే ఆ మాంసం తినొద్దని అమెరికా ఆరోగ్య సంస్థ సీడీసీ చెబుతుంది. ఫలితం వచ్చేదాకా ప్యాకెట్ల మీద తేదీ రాసి ఫ్రీజర్‌లో విడిగా ఉంచండి, బంధువులకి పంచకండి. దుప్పి పడినా పడకపోయినా రాష్ట్రానికి హార్వెస్ట్ రిపోర్టు (వేట ఫలితం చెప్పే రిపోర్టు) ఇవ్వాలి. ఇవ్వకపోతే వచ్చే ఏడాది డ్రాలో మీ పేరు తీసుకోరు.