సైన్యంలో ఉంటూనే వెటర్నరీ సీటుకు దరఖాస్తు

అమెరికా సైన్యంలో పనిచేస్తూ వెటర్నరీ సీటుకు ప్రయత్నించేవాళ్లు ముందుగా జంతువులతో పనిచేసిన గంటల లెక్క మొదలుపెట్టాలి. వీఎంకాస్ (వెటర్నరీ కాలేజీలకు ఆన్‌లైన్ ఉమ్మడి దరఖాస్తు విధానం) దరఖాస్తులో వెటర్నరీ డాక్టర్ పర్యవేక్షణలో చేసిన పనిని, డాక్టర్ లేకుండా జంతువులతో చేసిన పనిని విడివిడిగా చూపాలి. బదిలీ అయ్యాక పాత డాక్టర్ ఆచూకీ దొరకడం కష్టం. అందుకే షిఫ్టు ముగిసిన రోజే తేదీ, గంటలు, డాక్టర్ పేరు, ఈమెయిల్ రాసుకోండి. "కుక్కల్ని చూసుకున్నాను" అంటే సరిపోదు. "రక్తం తీసేటప్పుడు సైనిక కుక్క ముందుకాలు కదలకుండా పట్టుకున్నాను, 4 గంటలు" అని రాయాలి.

బేస్‌లోని పశువైద్యశాలలో వాలంటీరుగా చేరండి. ఆవులు, గుర్రాల అనుభవం మాత్రం బయట వెతుక్కోవాల్సిందే.

బయోకెమిస్ట్రీ లాంటి కోర్సుకు ఆన్‌లైన్‌లో ఫీజు కట్టేముందు, దాన్నీ దాని ల్యాబ్‌నీ ఒప్పుకుంటారా అని ప్రతి కాలేజీకీ ఈమెయిల్ పెట్టండి. పాత కోర్సులు కొన్నిచోట్ల చెల్లవు. సైనిక శిక్షణ క్రెడిట్లు సైన్స్ కోర్సుల లోటు తీరుస్తాయని నమ్ముకోవద్దు.

సిఫార్సు లేఖలు కనీసం 3 కావాలి. కమాండర్ లేఖ మంచిదే, కానీ వెటర్నరీ డాక్టర్ లేఖకు అది బదులు కాదు.

గడువు సాధారణంగా సెప్టెంబరు మధ్యలో. అప్పటికి డిప్లాయ్‌మెంట్‌లో (విధుల మీద దూరప్రాంతంలో) ఉండేలా ఉంటే ట్రాన్‌స్క్రిప్టులు (కాలేజీ మార్కుల పత్రాలు) వేసవిలోనే పంపించేయండి. సర్వీసు ముగిసే తేదీ క్లాసులు మొదలయ్యేలోపే పడుతుందో లేదో కూడా ఇప్పుడే చూసుకోండి.