చెరువు నీళ్లలో పురుగుమందు ఉందో లేదో తేల్చాలంటే
వరంగల్ చుట్టుపక్కల పత్తి, మిరప చేన్లకు కొట్టిన మందు ఆ తర్వాత పడే మొదటి గట్టి వానతోనే ఎక్కువగా చెరువులోకి దిగుతుంది. నమూనా ఆ రోజే తీయాలి. వారం ఆగితే పలచబడి, కొంత బురదకు పట్టి, నీళ్లలో సరిగా దొరకదు.

లీటరు పట్టే ముదురు గోధుమరంగు గాజు సీసా, టెఫ్లాన్ పొర ఉన్న మూత కావాలి. ప్లాస్టిక్ వద్దే వద్దు: క్లోర్‌పైరిఫాస్ లాంటి పురుగుమందులు దాని గోడలకు అంటుకుపోయి లెక్క తక్కువ చూపిస్తుంది. కాల్వ చెరువులో కలిసే చోట ఒకటి, మత్తడి (చెరువు నిండితే నీళ్లు పొర్లిపోయే చోటు) దగ్గర ఒకటి తీయండి. గ్లవ్స్ వేసుకుని, మూసిన సీసాను 30 సెంటీమీటర్ల లోతుకు ముంచి, అక్కడే మూత తీయండి. పైన తేలే నురుగు లోపలికి పోకూడదు. గాలి బుడగ మిగలకుండా నింపండి.

శుద్ధజలం నింపిన సీసా ఒకటి వెంట ఉంచి, గట్టు మీద కాసేపు మూత తీసి మూయండి. దాంట్లోనూ మందు కనబడితే పొరపాటు మనవైపే, మళ్లీ తీయాల్సిందే.

ఐస్ డబ్బాలో పెట్టి 4 డిగ్రీల దగ్గర ఉంచండి. ఎంత త్వరగా ల్యాబ్‌కు చేరితే అంత మంచిది. మోనోక్రోటోఫాస్ అనే పురుగుమందుకు తాగునీటి హద్దు లీటరుకు 1 మైక్రోగ్రామే. అంతకంటే తక్కువ పట్టగలరా అని ల్యాబ్‌ను ముందే అడగండి, లేకపోతే 'కనబడలేదు' అన్న రిపోర్టుకు అర్థమే ఉండదు.